పసుపు అంచుల పుస్తకాలు

జగ్గయ్యపేట,
సెప్టెంబరు 22.

మణీ,

నిన్నటి అమావాస్యతో భాద్రపదం వెళ్లిపోయింది. పొద్దున్నే డాబా ఎక్కి చూస్తే ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది. నాలుగు రోజులు వాన పడకుండా ఉంటే పుస్తకాలు ఎండకి తీస్తా. మా ఆయనేమో "తుపాను ఉందంటున్నారు, తొందరపడమాకు" అని టీవీ ముందునుంచి కేకలు. తిరుపతిరావుగారికి టీవీ చెప్తే వేదం, భార్య చెప్తే సోది. పెళ్లయిన నలభై ఒక్కేళ్లనించీ ఇదే వరస.

ఈ ఏటి శరత్తుకి నీకు మూడు పుస్తకాలు ఎంచా. రేపు బస్సులో పార్సిల్ వేస్తా, నందిగామ బస్టాండులో తీసుకో. పైన ఉన్నది చిన్న నవల, వాన వెలిశాక వాకిలి ఆరేలోపు చదివెయ్యొచ్చు. రెండోది ఒక రైలు గార్డు రాసుకున్న జ్ఞాపకాలు. దాన్ని పరుగులు పెట్టి చదవద్దు, రోజుకో స్టేషను చాలు. మూడోది పచ్చళ్ల పుస్తకం. నవ్వకు. ఆ రాసినావిడ ఉసిరికాయ గురించి చెప్తుంటే మా అమ్మ పక్కన కూర్చున్నట్టుంది. కార్తీకంలో ఉసిరికాయలు రాగానే తెరువు, ముందు తెరిస్తే ఒట్టు.

టీచర్ ట్రైనింగ్ హాస్టల్లో నువ్వన్న మాట ఇవాళ డాబా మీద గుర్తొచ్చింది. ఎనభై రెండు దసరా సెలవులు. పెట్టెలు సర్దుకుంటుంటే, నేను చదువుతున్న లావుపాటి ఏడుపు నవల నా చేతిలోంచి లాక్కుని, "చిక్కుడుకాయ ఎండాకాలంలో తింటామంటే కుదురుతుందా? పుస్తకానికీ కాలం ఉంటుంది. ఇది ముసురులో చదివేది. ఇప్పుడు తేటగా ఉండేది చదవాలి" అని నీ పుస్తకం నా పెట్టెలో కుక్కావు. అప్పటినించీ ఒక్క ఏడు తప్పలేదు కదే! నలభై మూడు శరత్తులు. ఒంట్లో బాగోలేకపోతే ఫోను, పుస్తకాల సంగతైతే ఉత్తరం అన్న నియమం కూడా తప్పలేదు.

నీ మూడూ ఎప్పుడు పంపుతావు? ఎదురుచూస్తూ ఉంటా, ఎప్పటిలాగే చదివి కార్తీకంలో తిప్పి పంపుతా.

నీ
భారతి

*

నందిగామ,
సెప్టెంబరు 30.

ఒసే భారతీ,

పార్సిల్ అందింది. నీ చిన్న నవల వాకిలి ఆరేలోపు అయిపోయింది గానీ, ఆ చివర్లో అక్కచెల్లెళ్లు మాట్లాడుకోకుండా విడిపోవడం నాకు నచ్చలా. చెంపమీద ఒకటేసి కూర్చోబెట్టే మనిషి లేదా ఆ ఇంట్లో? గార్డుగారు బావున్నాడు. రోజుకో స్టేషను అన్నావు, నేను ఆరు దాటించేశా. పచ్చళ్ల పుస్తకం తెరవలా, ఒట్టు.

నా పుస్తకాలు ఈసారి ఆలస్యం అవుతాయి. కోపగించుకోకు, కారణం వింటే నువ్వే ఎగిరి గంతేస్తావు. చందర్లపాడు అవతల మా పుట్టింటి ఊళ్లో, మా పేటలో, నాన్న కట్టిన పెంకుటింటి ముందు వసారా ఉంది చూడు, దాన్ని పిల్లలు చదువుకునే గది చేస్తున్నా. రిటైరై రెండేళ్లయింది, ఇంట్లో కూర్చుంటే మా ప్రేమానందంగారికీ నాకూ రోజూ యుద్ధమే. ఆయనే చెక్క అరలు చేయించారు. మా స్కూలు పాత పుస్తకాలు తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నా. నావీ కలిపి నాలుగొందల పైచిలుకు. నవంబరు ఎనిమిది శనివారం మొదలు.

పేటలో పిల్లలకి కాలాన్నిబట్టి పుస్తకం ఎంచుకోవడం నేర్పుతా. మిరప నాట్లకి అమ్మానాన్నా పొద్దున పోతే సాయంత్రం దాకా రారు కదా, ఈ కాలంలో వాళ్లకి ఇల్లంతా ఖాళీ.

నీతో పనిపడింది. మన పుస్తకాల అంచులకి పసుపునీళ్లు రాసేవాళ్లు కదా మీ ఇంట్లో, పురుగు పట్టకుండా. దాని సరైన పాళ్లు చెప్పు. ఇన్నేళ్లూ నేను ఉజ్జాయింపుగానే కలిపా. ఈసారి గోడ మీద పెయింటుతో రాయిస్తున్నా: "పుస్తకాలు పాడవకుండా భారతీదేవి పద్ధతి" అని, కింద కొలతలు. నువ్వు బతికుండగానే నీ పేరు గోడకెక్కిస్తున్నా, చూసుకో!

నీ
మణి

*

జగ్గయ్యపేట,
అక్టోబరు 5.

మణీ,

నీ గది సంగతి చదివి ఆయనకి రెండుసార్లు వినిపించా. టీవీ కట్టేసి మరీ విన్నారు. నువ్వు గట్టిదానివే. ట్రైనింగ్‌లో కూడా వార్డెన్‌తో పోట్లాడి మెట్లకింద గదిని మనకి చదువుకునే గది చేయించింది నువ్వేగా. అక్కడ నువ్వు బల్లి పడిందని అరిస్తే లాంతరు నా ఒళ్లో పడేసుకున్నా, చీర కాలింది. ఇంటికెళ్లి మా అమ్మకి ఇస్త్రీ పెట్టె అని చెప్పా.

దసరా బాగా జరిగింది. పత్తి మొదటి తీత మొదలైంది. కూలీలు దొరకట్లేదని ఊరంతా ఒకటే గోల. వాన లేదు, పుస్తకాలు డాబా మీద పరిచా. ఆశ్వయుజం ఎండలో పాత కాగితం వాసన, ఏ సెంటూ దానికి సరిపోదు.

పసుపు వద్దులేవే. మరక పోదు, కొత్త పుస్తకాలు పాడవుతాయి. వేపాకు నీడన ఎండబెట్టి అరల్లో పెట్టు. నాలుగు లవంగాలు గుడ్డలో కట్టి మూలన పెట్టు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. కొలతలు కూడా నాకు గుర్తులేవు. గోడ మీద నా పేరెందుకు? మీ నాన్నగారి పేరు రాయించు, ఇల్లు ఆయన కట్టింది.

నీ పుస్తకాలు తీరిగ్గానే పంపు.

నీ
భారతి

*

నందిగామ,
అక్టోబరు 10.

ఏమే,

మాట దాటేస్తున్నావు. లాంతరు, బల్లి, పత్తి అన్నీ చెప్పి అడిగింది మాత్రం చెప్పలా. పేరు గోడ మీద వేస్తానంటే సిగ్గా? ఈ వయసులో నీకు సిగ్గేంటే!

నీ పద్ధతి ఎంత దూరం వెళ్లిందో నీకు తెలీదు. ఎనభై నాలుగులో, నీ పెళ్లయిన కొత్తలో నీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన నా మొదటి పుస్తకం అంచులన్నీ పచ్చగా ఉంటే ఇదేంటని అడిగా. "పురుగు పట్టకుండా మా అత్తగారు రాయించారు" అన్నావు. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? చదువురాని బసవమ్మగారికి పుస్తకం మీద ఎంత ప్రేమ అని. నిజం చెప్తున్నా, కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంట్లో పుస్తకాన్ని అట్టా చూసుకున్న మనిషి ఎవరున్నారు?

రెండువేల ఒకటిలో స్కూల్లో లైబ్రరీ నాకు అప్పగించినప్పుడు అదే మొదలుపెట్టా. ఏటా దసరా సెలవులయ్యాక మొదటి శనివారం వరండాలో పుస్తకాలు పరిచి, బకెట్లో పసుపు కలిపి, పిల్లలంతా వేళ్లు ముంచి అంచులకి రాసేవాళ్లు. దానికి పసుపు పండగ అని పేరు పెట్టుకున్నారు వాళ్లే. ఇరవై రెండేళ్లు చేయించా. నా దగ్గర చదివిన బెన్ని ఇప్పుడు కంచికచర్ల దగ్గర టీచరు, వాడూ వాడి పిల్లలచేత చేయిస్తున్నాట్ట. మొన్న ఫోటో పంపాడు. పచ్చటి చేతులెత్తి నవ్వుతున్నారు పిల్లలు.

పెయింటరు ఇరవయ్యో తారీకు వస్తాడు. కొలతలు పంపు. పంపకపోతే నేనే ఏదో ఒకటి రాయిస్తా, తప్పయితే నీ పేరే పోతుంది.

మణి

*

జగ్గయ్యపేట,
అక్టోబరు 15.

మణీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించా. గోడ మీద ఏమీ రాయించకు. కొలతలేమీ లేవు. అది పురుగుకి చల్లింది కాదు.

మా అత్తగారు మైల పోవడానికి చల్లించారు. నీ దగ్గర్నుంచి వచ్చిన పార్సిల్ అరుగు మీదే విప్పాలి. పుస్తకాలు వరసగా పెట్టి, పసుపునీళ్లు చల్లాకే గడప దాటించాలి. నీ చేతికొచ్చి తిరిగొచ్చిన నా పుస్తకాలకీ అదే. మొన్న డాబా మీద పరిస్తే బాగా తెలిసింది. మీ ఇంటికి వచ్చిపోయిన పాతవి పచ్చగా ఉన్నాయి. నా దగ్గరే ఉండిపోయిన వాటిమీద ఒక్క చుక్క లేదు. ఇన్నేళ్లుగా ఆ రెండు రకాలనీ పక్కపక్కనే సర్దుకుంటూ వచ్చా.

కొత్త కోడల్ని. ఇరవై మూడేళ్లు. పుస్తకాలు అసలు ఇంట్లోకి రానివ్వనంటారేమో అని భయం. చల్లితే చల్లారు, చదువుకోనిస్తే చాలనుకున్నా. నువ్వడిగితే నోటికొచ్చింది రాసేశా. ఎనభై ఆరులో నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు లోపల సున్నాలు వేస్తున్నారని అరుగు మీద కూర్చోబెట్టా, గుర్తుందా? సున్నాలు వెయ్యట్లా. ఆ తర్వాత నిన్నెప్పుడూ రమ్మన్లేదు. బస్టాండులో, విజయవాడ పుస్తకాల పండగలో కలుస్తూ వచ్చా.

అత్తగారి కాలం అట్టాంటిది, మణీ. ఆవిడ చేసినదానికి నేను సిగ్గుపడుతున్నా. నన్ను తిట్టు, మాట్లాడకుండా మాత్రం ఉండకు.

భారతి

*

నందిగామ,
అక్టోబరు 25.

భారతీదేవిగారికి,

పది రోజులు రాయలేదు. రాయబుద్ధి కాలా.

నాకు జరిగింది కొత్తేమీ కాదు. మా పేటలో పుట్టినవాళ్లకి గ్లాసు వేరు, గుమ్మం వేరు, అన్నీ చూసినవే. పుస్తకం ఒక్కటే వేరు కాదనుకున్నా. దాన్ని పట్టుకునే టీచర్నయ్యా. చల్లింది చల్లారు పొండి. కానీ నేనేం చేశాను? నా పిల్లల్ని, నా పేట పిల్లల్లాంటి పిల్లల్ని, ఇరవై రెండేళ్లు వరసలో నిలబెట్టి, వాళ్లు ముట్టుకున్న పుస్తకాలకి వాళ్ల చేతులతోనే శుద్ధి చేయించా. పైగా పండగన్నా. వాళ్ల పచ్చటి చేతులు చూసి చప్పట్లు కొట్టా.

బెన్నికి ఫోను చేసి చెప్పా. "మరి పిల్లలకి నేనేం చెప్పాలి టీచర్?" అన్నాడు. మళ్లీ చేస్తానని ఫోను పెట్టేశా.

ఇంకొకటి. నా పుస్తకాలన్నీ ముందేసుకు కూర్చున్నా. తిరిగొచ్చిన ప్రతి పుస్తకం చివరి పేజీలో తారీకు వేయడం నా అలవాటు, మీకు తెలుసు. మీ అత్తగారు పోయింది తొంభై ఎనిమిది మార్చిలో. నేను కార్డు రాశా. ఆ ఏడు, ఆ తర్వాతేడు, రెండువేలు, ఈ మూడు కార్తీకాల్లో తిరిగొచ్చిన తొమ్మిది పుస్తకాలూ పచ్చగానే ఉన్నాయి. రెండువేల ఒకటి నించి లేవు. అప్పుడు అడిగితే గాజు తలుపుల బీరువా కొన్నాం, ఇక అక్కర్లేదన్నారు.

చచ్చిపోయిన మనిషి పసుపు చల్లదు. ఆ తొమ్మిదింటి మీద ఎవరు చల్లారు?

ఈ ఏడు నేను పుస్తకాలు పంపట్లేదు. మీవి చదివినంతవరకు చదివా, తిరుగు బస్సులో వేస్తా.

జయమణి

*

జగ్గయ్యపేట,
అక్టోబరు 29.

మణీ,

నేనే.

అత్తయ్య ఉన్నప్పుడు కూడా చల్లింది ఆవిడే అయినా కలిపిచ్చింది నేను. చెంబు పట్టుకుని నిలబడింది నేను. కిందటి ఉత్తరంలో అంతా ఆవిడ మీదికి తోసేశా. చనిపోయిన మనిషి కాదనదు కదా.

ఆవిడ పోయాక మొదటి పార్సిల్ వచ్చినరోజు ఇంట్లో ఎవరూ లేరు. ఆయన పొలానికెళ్లారు. అరుగు మీద విప్పా. లేచి వంటింట్లోకెళ్లి చెంబులో పసుపు కలుపుకొచ్చా. చల్లా. అలవాటు అని రాయబోయి కొట్టేశా. అలవాటు కాదు. చల్లకుండా లోపలికి తీసుకెళ్తే ఏదో అవుతుందేమో, మా పిల్లాడికి ఏమన్నా అవుతుందేమో అన్న భయం ఒకటి నాలో కూడా ఉంది. అది అత్తయ్యది కాదు, నాది. నీ పుస్తకం గుండెలమీద పెట్టుకు నిద్రపోయేదాన్నీ నేనే, దానిమీద పసుపు చల్లినదాన్నీ నేనే. రెండూ ఒక్క మనిషే. ఎట్టా అని నన్నడక్కు, నాకూ తెలీదు.

రెండువేల ఒకటిలో పార్సిల్లోనే నీ ఉత్తరం పెట్టావు, స్కూల్లో పిల్లలచేత నీ పద్ధతే చేయిస్తున్నానని. పుస్తకాలు వరసగా పెట్టి, చెంబు పక్కనే ఉంచుకుని, ముందు ఉత్తరం చదివా. చెంబు పెరట్లో పారబోసి వచ్చా. ఆ రోజుతో ఆపేశా. ఆపడానికి నాకు ధైర్యం సరిపోయింది, నీకు చెప్పడానికి సరిపోలా. ఒక్క కార్డుముక్క రాసుంటే నీ పిల్లలు ఇరవై రెండేళ్లు ఆ పని చేసేవాళ్లు కాదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా.

నన్ను క్షమిస్తావా అని అడిగే మొహం కూడా లేదు. అయినా అడుగుతున్నా. నీ పుస్తకాలు రాకపోతే నాకు ఈ కాలమే రానట్టుంది. తుపాను వాన మూడు రోజులనించీ పడుతూనే ఉంది, పత్తంతా తడిసింది. కిటికీ దగ్గర కూర్చుని ఏమీ చదవకుండా చూస్తున్నా.

భారతి

*

నందిగామ,
నవంబరు 3.

భారతీ,

గారు తీసేశా. నిజం చెప్పావు కాబట్టి.

క్షమించడం సంగతి తర్వాత. ముందు చెయ్యాల్సింది ఒకటుంది. బెన్ని అడిగాడే, పిల్లలకి ఏం చెప్పాలని, అది నేను చెప్పను. నాలుగొందల పుస్తకాల్లో సగం పసుపు అంచులవే. శనివారం పిల్లలొస్తారు, వాళ్ల పెద్దవాళ్లు కొంతమంది వస్తారు. ఇది ఎందుకు పచ్చగా ఉందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ జవాబు నువ్వొచ్చి చెప్పు. నీ నోటితో, వాళ్ల మొహాలు చూస్తూ. బెన్నిని కూడా రమ్మన్నా.

భయంగా ఉంటే రావద్దు. వస్తే మాత్రం అత్తగారి పేరు చెప్పి తప్పించుకోవద్దు.

పొద్దున తొమ్మిదింటికల్లా నందిగామలో దిగితే బస్టాండుకి వస్తా, కలిసి వెళ్దాం. వాన వెలిసింది. మునేరు అంచునిండా పోతోంది. రాకపోతే ఇదే నా ఆఖరి ఉత్తరం.

మణి

*

జగ్గయ్యపేట,
నవంబరు 10.

మణీ,

నేనొచ్చిన సంగతి నీకు తెలుసు, చెప్పింది నువ్వు విన్నావు. నువ్వు చూడనిది రాస్తున్నా.

బయల్దేరేటప్పుడు ఆయన గేటు దగ్గర అడ్డం నిలబడ్డారు. "ఎప్పటి సంగతో ఇప్పుడు తవ్వి మా అమ్మ పేరు బజారున పెడతావా?" అన్నారు. "అత్తయ్య పేరు కాదండీ, నా పేరు" అన్నా. ఏమనుకున్నారో, పక్కకి తప్పుకున్నారు. బస్సులో కంచెల వెంట రెల్లు పూసి తెల్లగా ఊగుతుంటే, ట్రైనింగ్‌లో కిటికీ సీటు కోసం మనిద్దరం కొట్టుకున్నది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. పక్కనావిడ మంచినీళ్ల సీసా ఇచ్చింది.

వసారాలో నిలబడి అంతా చెప్పి కూర్చున్నా. నువ్వు టీ తేవడానికి లోపలికెళ్లావు. అప్పుడు పుల్లమ్మగారు, ఆ గోడవారగా కూర్చున్న పెద్దావిడ, "మాకు తెలవందా అమ్మా ఇది? సల్లినోళ్లకి తెలవాలిగానీ" అంది. కోపంగా కాదు, మామూలుగా అంది. తలూపా.

ఆవిడ మనవరాలు జాయిస్, ఆరో తరగతిట, పక్కనే ఏదో పుస్తకం పట్టుకు కూర్చుంది. మాట కలుపుదామని, "ఏం పుస్తకం తల్లీ, చూడనీ" అని చెయ్యి చాపా. ఆ పిల్ల పుస్తకం వెనక్కి తీసుకుని గుండెలకి అదుముకుంది. "వద్దండీ, నేనింకా చదవలా" అంది. చాపిన చెయ్యి అట్టాగే ఉండిపోయింది. నా చెయ్యి తగిలితే పాడవుతుందని ఒక మనిషి అనుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. అరవై నాలుగేళ్లకి తెలిసింది ఎట్టా ఉంటుందో. నీకది ఎన్ని వందలసార్లు తెలిసుంటుంది మణీ! ఇన్నేళ్ల స్నేహంలో నీతో కలిసి ఎన్ని కథలకి ఏడ్చానో గానీ, ఇది మాత్రం ఆ పిల్ల చెప్తేగాని అర్థం కాలా.

మీ ఇంట్లో గోంగూర, రొయ్యపొట్టు రెండోసారి వేయించుకున్నా. నువ్వు వడ్డించావు గానీ మాట్లాడలా. బస్సెక్కించి, బస్సు కదిలేదాకా నిలబడ్డావు. అదే చాలనుకుంటూ వచ్చా.

నీకు గడప దాకా మాత్రమే తెలిసిన నా ఇంటికి ఎప్పుడైనా రా. రమ్మని అడగడానికి ముప్ఫై తొమ్మిదేళ్లు ఆలస్యమైంది. రాకపోయినా తప్పు పట్టను.

భారతి

*

నందిగామ,
నవంబరు 13.

భారతీ,

క్షమించానా అంటే నాకింకా తెలీదు. కొన్ని పొద్దులు లేవగానే కోపం వస్తోంది. కొన్ని పొద్దులు గార్డుగారి పుస్తకంలో ఏదో మాట నీకు చెప్పాలని కాగితం తీసుకుంటున్నా. అవును, అది తిరిగి పంపలా, పూర్తికాలేదు. ఉసిరికాయలొచ్చాయి, పచ్చళ్ల పుస్తకం కూడా తెరిచా. మీ ఇంటికి వస్తానో రానో ఇప్పుడే అడగొద్దు.

పసుపు పుస్తకాలు ఏం చెయ్యాలని పిల్లల్నే అడిగాం, బెన్నీ నేనూ. పారేద్దామని కొందరన్నారు. కొత్త అట్టలు వేద్దామని కొందరన్నారు. తెమల్లేదు. వచ్చే శనివారం మళ్లీ కూర్చుంటాం. గోడమాత్రం తెల్లగానే ఉంది.

నీకు ఈ ఏడు నేను పుస్తకం ఎంచలేకపోయా. రెండుసార్లు అరల ముందు నిలబడి వెనక్కొచ్చా. ఇదే మాట నిన్న పేటలో గది దగ్గర ఎవరితోనో అంటుంటే జాయిస్ విన్నట్టుంది. కాసేపటికి ఒక పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆ జగ్గయ్యపేట అమ్మమ్మగారికి ఇది పంపండి టీచర్" అంది. చూస్తే పిల్లల కోసం రాసిన చుక్కల పుస్తకం, కొత్తది. ఆవిడకి ఇదెందుకే అంటే, "వానలైపోయినయ్ గదండీ, ఇప్పుడైతే చుక్కలు బాగా కనపడతయ్. ఎండాకాలం దుమ్ము, వానాకాలం మబ్బు" అంది. నలభై మూడేళ్లుగా మనిద్దరం శరత్తుకి పుస్తకాలు ఎంచుతున్నాం, మనకెప్పుడైనా తట్టిందిటే ఇది?

నన్నడిగి అడ్రసు తనే రాసింది. రేపటి బస్సులో వేస్తా. పదిహేను రోజుల్లో తిరిగి పంపాలిట, ఇక్కడి రూలు అందరికీ ఒకటే. వచ్చాక అట్టా, అంచులూ తనే తిప్పి చూస్తుందట. టీచరు చూడక్కర్లేదంది.

మణి